కొలువు ఇడిచి పేపరుకు తిరిగచ్చిన మంత్రి: చింతామణి ముచ్చట

మన జగిత్యాల, పెద్దపల్లి, మంచిర్యాల దిక్కు ఏ మండలానికి పోయినా చేతుల లోగో మైకు పట్టుకొని తిరిగే పొల్లగాండ్లు నలుగురన్న కనవడ్తరు. పొద్దుగాల వడ్ల కొనుగోలు సెంటర్ కాడ, పగటీలి ఎమ్మార్వో ఆఫీసు కాడ, మాపటీలి ఏదన్న పార్టీ మీటింగు కాడ. అండ్లకెల్లి కొంతమంది ఐదారేండ్లు తిరిగినంక సర్పంచికో, ఎంపీటీసీకో నిలవడ్తరు. నిలవడుడు తప్పని నేననను. నాలుగూర్ల కష్టం కండ్లార చూసినోడు నిలవడక ఇంకెవలు నిలవడ్తరు? కని ఒక్క అనుమానం మాత్రం మనసుల కూసుంటది. నిన్నటిదాక అడిగినోడు రేపు కుర్సీల కూసున్నంక, ఆ అడిగే నోరు ఏమైతది?

గీ అనుమానం ఇయ్యాల్టిది కాదు. నూరేండ్ల కింద ఇంగ్లాండుల గూడ గిదే నడిచింది. జాన్ మోర్లే అనేటాయిన లండన్ల పేపర్లు నడిపి, లిబరల్ పార్టీల పెద్ద మనిషై, 1905 ఆఖర్ల మన దేశం మీద పెత్తనం చేసే మంత్రి అయిండు. మాంచెస్టర్ గార్డియన్ ఎడిటర్ సి.పి. స్కాట్ ఓ దిక్కు పేపరు నడుపుకుంటనే పదేండ్లకు పైన పార్లమెంటు మెంబరుగ ఉన్నడు. ఆ కాలంల లిబరల్ అంటే ఒక నమ్మకం. తలకాయలు పగలగొట్టుకోకుంట, చట్టం తోటి, వాదన తోటి, మెల్లగ మెల్లగ జనానికి హక్కులు తేవచ్చని. ఆ నమ్మకం పట్టుకొని బతికిన తెలుగాయిన ఒకలున్నరు. పేరు చిర్రావూరి యజ్ఞేశ్వర చింతామణి. పేపర్ల సి.వై. చింతామణి అని రాసేది. మన స్కూలు పుస్తకాలల్ల ఆయిన పాఠం నేనైతే చూడలే. ఉత్తరాది పాత జర్నలిస్టులు మాత్రం ఆయిన పేరు చెప్తే లేచి నిలవడేటోళ్లు.

1880 ఏప్రిల్ 10న విజయనగరంల పుట్టిండు. ఇంట్ల వేదం సదివిన పండితులు, సంస్థానం రాజులకాడ మర్యాద ఉన్న కుటుంబం. అంటే పొట్టకు లేని ఇల్లు కాదు, కని జమీందారీ ఇల్లు గూడ కాదు. విజయనగరం మహారాజా కాలేజీల సదివిండు గని డిగ్రీ చేతికి రాలే. పెయ్యి ఎప్పుడు బాగుండకపోవు. చిన్నతనం సంది సచ్చేదాక ఏదో ఒక రోగం ఆయిన ఎంబడే నడిచింది. బక్క పాణం, తలకు రుమాలు, పెద్ద మీసాలు. ఆ బక్క పాణంల ఒక అసొంటి సొమ్ము దాగుండె, అదే యాది. ఒక్కసారి చదివిన లెక్క, విన్న ఉపన్యాసం, ఏ ఏడాది ఏ కమిటీ ఏం చెప్పింది అనేది, కాయితం చూడకుంట చెప్పేటోడు. ఇప్పుడు మనకు ఫోన్ల వెతికితే దొరికేదంత ఆయిన తలకాయల ఉండె అనుకోండ్రి.

ఆ దినాల విజయనగరం ఉత్త ఊరు కాదు. గురజాడ అప్పారావు అక్కడనే ఉండె. కన్యాశుల్కం నాటకం 1892ల మొదలు ఆడింది అక్కడ్నే. పసిపిల్లలను ముసలోళ్లకు అమ్ముడు, చిన్న వయసుల ముండమోసిన ఆడిపిల్లల బతుకు, ఇసొంటి ముచ్చట్ల మీద ఊరంత వాదులాడుకునే కాలం. చింతామణి పెరిగింది ఆ గాలిల. తర్వాత ఇరవై ఒక్క ఏండ్ల వయసుల, 1901ల, మద్రాసుల సంఘ సంస్కరణ మీద దేశంల పెద్ద పెద్దోళ్ల రాతలన్ని జమచేసి ఇంగ్లీషుల లావు పుస్తకం తెచ్చిండు. డిగ్రీ లేని పొల్లగాడు! మనకాడ ఆ వయసుల గ్రూప్స్‌కు కోచింగు తీసుకుంటనో, ఏం చేయాల్నో తోచక చౌరస్తల కూసునో ఉంటం.

పేపరు పని అంతకన్న ముందే మొదలువెట్టిండు. పద్దెనిమిదేండ్లకే వైజాగ్ స్పెక్టేటర్ అనే చిన్న ఇంగ్లీషు పేపరుకు ఎడిటర్. తర్వాత దాన్నే తన చేతులకు తీసుకొని, విజయనగరం తెచ్చి, ఇండియన్ హెరాల్డ్ అని పేరు మార్చి నడిపిండు. చిన్న ఊర్ల పేపరంటే ఎట్లుంటదో ఇప్పటికి మనకు ఎర్కనే. రాసేది నువ్వే, తప్పులు దిద్దేది నువ్వే, చందా పైసల కోసం తిరిగేది నువ్వే. ఎక్కువ దినాలు నడువలే. పేపరు మూతవడ్డది గని పొల్లగానికి ఆ పని మీద పావురం చావలే. మద్రాసు పోయి జి. సుబ్రహ్మణ్య అయ్యర్ కాడ, మద్రాస్ స్టాండర్డ్ పేపర్ల పనిచేసిండు. సుబ్రహ్మణ్య అయ్యరంటే హిందూ పేపరు పెట్టినోళ్లల్ల ఒకలు, బాల్యంల ముండమోసిన సొంత బిడ్డకు మల్ల పెండ్లి చేసి కులంల లొల్లికి ఎదురునిలిచిన మనిషి. గురువు ఆ తీరుగ దొరికిండు.

1903 తర్వాత ఆయిన తొవ్వ ఉత్తరం దిక్కు మల్లింది. అలహాబాదు. మనోళ్లు కాశీ పోయినప్పుడు గంగ మునుగుతరు సూడు, ఆ ప్రయాగే. సచ్చిదానంద సిన్హా అనే పెద్ద వకీలు నడిపే ఇండియన్ పీపుల్ అనే వారపత్రికల పనికి పోయిండు. తెలుగు తప్ప ఇంట్ల ఇంకో భాష లేని మనిషి, హిందీ ఉర్దూ మాట్లాడే దేశంల ఇంగ్లీషు పేపరు రాసి బతుకుడు. బొగ్గు బాయిల పనికో, బొంబాయి బివండి మగ్గాల మీదికో, దుబాయికో పోయిన ఇండ్ల పిల్లలకు ఈ ముచ్చట నేను ఇప్పి చెప్పనవసరం లేదు. పరాయి దేశంల బతుకవోయినోనికి ఉండే ఒంటరితనం ఉత్తరాలు రాసే బాబుకైనా, ఎడిటర్‌కైనా ఒక్కతీరే ఉంటది.

అలహాబాదుల అప్పటికే ఒక పెద్ద పేపరుండె. పయనీర్. తెల్లోళ్లది. 1865ల పెట్టింది, కిప్లింగ్ గూడ అండ్ల పనిచేసిండు. సర్కారు మనసుల ఏమున్నదో పయనీర్ చూస్తే తెలుస్తదని చెప్పుకునేది. దానికి జవాబియ్యనీకె మనోళ్ల పేపరు ఒకటి కావాల్నని మదన్ మోహన్ మాలవ్య పట్టువట్టిండు. అట్ల 1909 అక్టోబర్ 24న లీడర్ అనే దినపత్రిక మొదలైంది. కంపెనీ పెట్టి, వాటాలు అమ్మి పైసలు జమచేసిన్రు. డైరెక్టర్లకు పెద్ద మోతీలాల్ నెహ్రూ. పొద్దుగాల అచ్చయ్యే పేపరుకు రాత్రంత కూసునేటోడు చింతామణి. మొదట్ల నగేంద్రనాథ్ గుప్తా అనే బెంగాలీ ఆయిన జోడు ఎడిటర్‌గ ఉండె, కొన్నాళ్లకే లాహోర్ ట్రిబ్యూన్‌కు పోయిండు. ఇగ లీడర్ అంటే చింతామణి, చింతామణి అంటే లీడర్.

పేపరు పెట్టిన తెల్లారి ఏడే, 1910ల, ప్రెస్ చట్టం అచ్చింది. ప్రెస్సు నడిపేటోడు సర్కారు కాడ జామీను పైసలు కట్టాలె. రాసింది నచ్చకపోతే ఆ పైసలు గుంజుకుంటరు, ఇంకోసారి నచ్చకపోతే ప్రెస్సే గుంజుకుంటరు. ఈ కత్తి మెడ మీద ఉంచుకొని రాసుడంటే రెండు తొవ్వలు. ఒకటి తిట్టి జైలుకు పోవుడు. రెండోది, సర్కారు సొంత రిపోర్టులు, సొంత లెక్కలు తీసి, ఇగో నువ్వన్నది ఇది, చేసింది ఇది అని ఎదురుంగ పెట్టుడు. చింతామణిది రెండో తొవ్వ. బడ్జెట్ల ఏ పద్దుకు ఎంత, బడులకెంత, పోలీసులకెంత అనేది పేపర్ల పరిచేటోడు. తెల్ల ఆఫీసర్లు పొద్దుగాల లేచి పయనీర్ తోటి పాటు లీడర్ గూడ చదువక తప్పని పరిస్థితి అచ్చింది. నాకు ఆయినల బాగ నచ్చేది గిదే. ఆర్టీఐ చట్టం లేని కాలంల ఆయిన తలకాయే ఆర్టీఐ ఆఫీసు.

ఇగ రాజకీయం. కాంగ్రెస్‌ల 1907 సూరత్ సభ కాడ చెప్పులు ఇసురుకున్న సంగతి చదివే ఉంటరు. తిలక్ దిక్కు అతివాదులు, గోఖలే, ఫిరోజ్ షా మెహతా దిక్కు మితవాదులు. చింతామణి కడదాక గోఖలే మనిషి. మెహతా ఉపన్యాసాలు, రాతలు జమచేసి 1905లనే పుస్తకం ఏసిండు. 1916 సంది అలహాబాదు దిక్కు రాష్ట్రం, అప్పట్ల యునైటెడ్ ప్రావిన్సెస్ అనేది, దాని శాసన మండలిల మెంబరు. పేపర్ల రాసినయి మండలిల లేచి అడుగుడు, మండలిల అడిగినయి తెల్లారి పేపర్ల రాసుడు.

యుద్ధం అయిపోయే యాళ్లకు మాంటేగు, చెమ్స్‌ఫర్డ్ అనే ఇద్దరు కలిసి మనకు కొంత పెత్తనం ఇద్దామని 1918ల ఒక రిపోర్టు రాసిన్రు. ఇది చాలది, ఎవలికి కావాలె అన్నది కాంగ్రెస్‌ల ఎక్కువ మంది. అచ్చినకాడికి తీసుకొని మిగిలింది అడుగుదామన్నరు మితవాదులు. ఇగ కలిసుండుడు కాలే. 1918 నవంబర్‌ల సురేంద్రనాథ్ బెనర్జీ అధ్యక్షుడుగ బొంబాయిల వేరే సభ పెట్టుకున్నరు. అదే నేషనల్ లిబరల్ ఫెడరేషన్. పేరు గూడ ఇంగ్లాండు కాడ్నే అప్పు. 1920ల మద్రాసు సభకు అధ్యక్షుడు చింతామణే, 1931ల మల్ల ఇంకోసారి.

గక్కడ్నే మోతీలాల్‌తోటి తెగింది. మోతీలాల్ మెల్లగ హోంరూలు దిక్కు, తర్వాత గాంధీ దిక్కు జరుగుతుండు. లీడర్ జరుగది. డైరెక్టర్ల పెద్ద ఒక దిక్కు, ఎడిటర్ ఒక దిక్కు. ఇప్పటి చానెళ్లల్లనైతే సాయంత్రానికి ఎడిటర్ బ్యాగు సదురుకుంటడు. అక్కడ ఉల్టా అయింది. మోతీలాలే బయటికి పోయి, 1919 ఫిబ్రవరిల ఇండిపెండెంట్ అని సొంత పేపరు పెట్టుకున్నడు. ఒక్క ఊర్ల రెండు పేపర్లు, రెండు తొవ్వలు. ఇండిపెండెంట్ పైసల్ల బాగ మునిగింది. 1921 ఆఖర్ల సర్కారు దాని జామీను గుంజుకుంటే, గాంధీ కాడ ఉండే మహాదేవ్ దేశాయ్ అచ్చి కొన్ని దినాలు పేపరును చేతితోటే రాసి పంచిండు. దానికి ఆయినను జైల్ల ఏసిన్రు.

తమ్మీ, ఇక్కడ జర ఆగాలె. మహాదేవ్ దేశాయ్‌ను జైల్ల ఏసిన ఆ సర్కార్ల చింతామణి మంత్రి.

అవు. 1921ల కొత్త పద్ధతి మొదలైంది. దానికి ద్వంద్వ ప్రభుత్వం అని పేరు. పోలీసులు, కోర్టులు, భూమి శిస్తు, ఖజానా గవర్నర్ తన చేతుల ఉంచుకున్నడు. సదువులు, దవాఖానలు, జిల్లా బోర్డులు, పరిశ్రమలు ఎన్నికైన మంత్రులకు ఇచ్చిండు. మనకు సమజయ్యేటట్టు చెప్పాల్నంటే, ఊరికి సర్పంచి నువ్వే గని చెక్కు మీద ఇంకొకల సంతకం కావాలె. పని అడిగెటోళ్లు నీ ఇంటికస్తరు, పైసలిచ్చెటోడు తలుపు తీయడు. ఓటు గూడ అందరికి లేదు, శిస్తు కట్టేటోళ్లకు, ఆస్తి ఉన్నోళ్లకే. నూటికి పది మందికి గూడ ఓటు లేని ఎన్నికలు. కాంగ్రెస్ వాటిని బహిష్కరించింది. లిబరల్స్ నిలవడి గెలిచిన్రు. నలభై ఏండ్ల వయసుల చింతామణి విద్య, పరిశ్రమల మంత్రి. లక్నో వకీలు పండిత్ జగత్ నారాయణ్ స్థానిక సంస్థల మంత్రి. లీడర్ పనిని చింతామణి, కృష్ణారామ్ మెహతా చేతుల పెట్టి పోయిండు.

పోలీసులు ఆయిన శాఖ కాదు. నెహ్రూలను 1921 డిసెంబర్ 6న పట్టుకపోయింది ఆయిన సంతకం తోటి కాదు. కాగితం మీద ఇది నిజమే. కని అదే సర్కారు కుర్సీల కూసొని, పాత దోస్తు జైల్లకు పోతుంటె చూసుడు ఎట్లుంటదో. 1922 ఫిబ్రవరిల చౌరీచౌరా అయింది. గుంపు పోలీస్ ఠాణాను కాలవెట్టింది, పోలీసులు సచ్చిన్రు. మొదటి కోర్టు 172 మందికి ఉరిశిక్ష ఏసింది. హైకోర్టుల మాలవ్య నల్లకోటు మల్ల తొడుక్కొని వాదించి శానామంది పాణాలు కాపాడిండు. లీడర్ పెట్టిన మాలవ్య ఉరికంబానికి అడ్డం నిలవడ్డడు. ఉరికంబం సర్కారుది. ఆ సర్కార్ల కొంత కాలం లీడర్ ఎడిటర్ మంత్రి. ఇంతకన్న ఇరుకు తొవ్వ ఇంకేముంటది? నాకైతే చింతామణి జీవితంల మింగుడువడని ముక్క గిదే. ఆయిన మీద ఎంత ఇష్టమున్నా దీన్ని దాచలేను.

అయితే మంత్రిగ ఉత్తగ కూసోలే. 1921లనే ఆ రాష్ట్రంల ఇంటర్మీడియట్ విద్య చట్టం అచ్చి, హైస్కూలు, ఇంటరు పరీక్షలకు ఒక బోర్డు ఏర్పడ్డది. 1923ల మొదటి పరీక్షలు పెట్టింది. ఇప్పుడు యూపీ బోర్డు అంటే ఏటా యాభై లక్షల దాక పిల్లలు రాసే బోర్డు. దాని మొదలు మన తెలుగాయిన విద్యామంత్రిగ ఉన్నప్పుడే పడ్డది. డిగ్రీ లేనాయిన విద్యామంత్రి అయ్యి పెట్టిచ్చిన పరీక్షలు. నవ్వస్తది గని నిజం.

అదే 1921ల మన హైదరాబాద్‌ల ఏమయిందో యాజ్ఞాపకం చేసుకోండ్రి. నవంబర్‌ల సంఘ సంస్కార సభ అయితుంటె, అల్లంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల మాట్లాడిండు. సభల ఉన్నోళ్లు అరిచి, గోల చేసి, కూసుండవెట్టిన్రు. ఆ అవమానం మింగలేకనే మాడపాటి హనుమంతరావు, ఇంకా కొందరు కూడి ఆంధ్ర జన సంఘం పెట్టుకున్నరు. అండ్లకెల్లి పుట్టిన ఆంధ్ర మహాసభ 1935ల మన సిరిసిల్లల గూడ జరిగింది, దానికి అధ్యక్షుడు మాడపాటే. అంటే ఒక తెలుగాయిన పరాయి దేశంల బడులకు మంత్రిగ ఉన్న దినాలల్ల, మన దేశంల మనోడు మన భాషల నాలుగు ముక్కలు మాట్లాడనీకె దిక్కు లేకుండె.

మంత్రి కొలువు రెండేండ్లు కొంచెం పైన నడిచింది. మొదటి గవర్నర్ హార్కోర్ట్ బట్లర్, మాట తీయగ ఉండే మనిషి, మంత్రులతోటి సర్దుకొని నడిపిండు. 1922 ఆఖర్ల విలియం మారిస్ అచ్చిండు. ఈయిన ఎవలంటె, ఈ కొత్త పద్ధతి చట్టం తయారైన కాలంల ఢిల్లీల రిఫార్మ్స్ కమిషనర్‌గ ఉన్నాయిన. పద్ధతి గీసినోళ్లల్ల ఒకలు. అసొంటాయినకు మంత్రుల ఇజ్జత్ ఏందో ఎక్కువ తెల్వాలె కదా. కని మంత్రుల శాఖల్ల ఆయిన ఏలు పెట్టుడు మొదలువెట్టిండు. మంత్రి ఒకటి చెప్తె ఆఫీసరు గవర్నర్ మొఖం చూసుడు. చింతామణి ఒకసారి చూసిండు, రెండుసార్లు చూసిండు. 1923 ఎండకాలంల రాజీనామ కాయితం చేతుల పెట్టి బయటికచ్చిండు. ఆయినతోటి జగత్ నారాయణ్ గూడ ఇడిచిపెట్టిండు. ఒకల శాఖల లొల్లి అయితే ఇద్దరు మంత్రులు ఇంటికి పోయిన్రు. మనం చూస్తున్న కాలంల, ఒకలకు మంత్రి పదవి పోతె పక్కోడు అదే సాయంత్రం కొత్త అంగి కుట్టిచ్చుకుంటడు.

వాళ్ల కుర్సీలు ఎక్కువ దినాలు ఖాళీగ ఉండలే. గవర్నర్‌కు అడ్డం చెప్పని జమీందార్లు అచ్చి కూసున్నరు. వాళ్లల్ల ఒకలు ఛత్తారి నవాబు. ఈ పేరు జర మనసుల పెట్టుకోండ్రి.

చింతామణి ఇంటికి పోయి పండుకోలే. లీడర్ ఆఫీసుకు పోయి పాత కుర్సీల కూసున్నడు. ఇగ రాసుడు మొదలువెట్టిండు. ఇప్పుడు ఆయిన కాడ ఇంతకుముందు లేని సొమ్ము ఒకటుంది. సర్కారు లోపలి అర్రలు చూసచ్చిండు. ఏ ఫైలు ఎక్కడ ఆగుతది, ఖజానా కాడ ఎవలు ఎట్ల అడ్డం తిరుగుతరు, అన్ని ఎరికే. 1924ల ఈ పద్ధతి ఎట్ల నడుస్తుందో ఇచారించనీకె ముడిమన్ కమిటీ అని ఒకటేస్తె, దాని ముంగట నిలవడి, ఇది నడిచే బండి కాదని లెక్కలతోటి చెప్పిండు. తానే ఎక్కి నడిపిన బండి. నేను నడిపిన కాబట్టి మంచిదే అననీకె ఎంత సులువుగుండె! అనలే. తర్వాత మల్ల మండలిల గెలిచి, ఎదుటి పక్షం నాయకుడుగ ఏండ్ల పొడుగూత సర్కారును అడిగిండు. సైమన్ కమిషన్ 1928ల అచ్చినప్పుడు కాంగ్రెస్సోళ్లే కాదు, లిబరల్స్ గూడ తలుపేసుకున్నరు. యూపీల ఆ బహిష్కారం ముంగట నడిచినోళ్లల్ల ఈయిన ఉన్నడు. 1930ల లండన్ల మొదటి రౌండ్ టేబుల్ సభకు పోయిండు. సప్రూ, శ్రీనివాస శాస్త్రి, జయకర్, అంబేడ్కర్, వీళ్లంత ఉన్న సభ. కాంగ్రెస్సోళ్లు అప్పుడు జైళ్లల్ల ఉన్నరు.

ఇప్పుడు ఒక ముచ్చట చెప్పకపోతె నా మనసు ఒప్పది. అలహాబాదు పక్కకే ప్రతాప్‌గఢ్ జిల్లా. తాలూకాదార్లు రైతులను పీల్చి పిప్పిచేసే దేశం. మనకాడ దొరలు ఎట్టి చేయిచ్చుకున్నట్టు అక్కడ గూడ బేగారి. ఏనుగు కొన్నా రైతు కాడ వసూలు, మోటరు కొన్నా రైతు కాడ వసూలు. బాబా రామచంద్ర అనే మనిషి ఆ రైతులను కూడవెట్టిండు. 1920 ఎండకాలంల ఓ రెండొందల మంది రైతులు యాభై మైళ్లు కాలినడక నడిచి అలహాబాదు అచ్చి యమున ఒడ్డున కూసున్నరు. పట్నంల పెద్దమనుషులు తమ గోడు ఇంటరని. వాళ్ల ఎంబడి పల్లెలకు పోయిన జవహర్‌లాల్ నెహ్రూ బతుకే ఆ ఎండల మారిపోయింది. లిబరల్స్ మాత్రం ఆ ఎండలకు పోలే. వాళ్లు చెడ్డోళ్లని కాదు. వాళ్ల లోకం మండలి, కమిటీ, మెమోరాండం, ఇంగ్లీషు పేపరు. యమున ఒడ్డున కూసున్న రైతుకు లీడర్ చదువరాదు. ఆ రైతు కోసం లీడర్‌ల ఎంత మంచిగ రాసినా, అది గవర్నర్ టేబుల్ మీదికి పోతది గని రైతు గుడిసెకు పోదు.

దీని ఫలితం 1937 ఎన్నికలల్ల కనవడ్డది. ఓటు ఎక్కువ మందికి అచ్చేసరికి యూపీల కాంగ్రెస్ ఊడ్చుకపోయింది. లిబరల్స్ పత్తకు లేరు. వాళ్ల కాడ దేశంల మంచి తెలివి ఉన్న తలకాయలుండె, ఊర్లల్ల జెండా పట్టుకునే చెయ్యి లేకుండె.

ఇంకో దిక్కు చూస్తె, మన ఆసిఫాబాద్ అడవులల్ల దరఖాస్తులు పెట్టి పెట్టి, భూమి పట్టాలు రాక, జంగ్లాతోళ్ల దెబ్బలు తిని, ఆఖరికి తుపాకి పట్టిన కొమురం భీం 1940ల జోడేఘాట్ల పాణమిడిచిండు. గోండు పల్లెల గోస రాసే ఒక్క లీడర్ లాంటి పేపరు అక్కడ ఉండి ఉంటె ఏమయ్యేదో నాకు తెల్వది. నిజాం సర్కార్ల గోలకొండ పత్రిక లాంటివి 1926 సంది శాన తిప్పలువడి నడుస్తుండె గని, అవి ఆ అడవి దాక అందనీకె తొవ్వ లేకుండె. పేపరు ఉన్నకాడ చదివే రైతు లేడు, రైతు కొట్లాడినకాడ పేపరు లేదు.

చింతామణి ఆఖరి ఏండ్లు రోగంతోటి, పేపరుతోటి గడిచినయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంల ఇచ్చిన ఉపన్యాసాలు 1937ల పుస్తకమైనయి. 1857 తిరుగుబాటు తర్వాత మన రాజకీయం ఎట్ల నడిచిందో చెప్పే పుస్తకం, ఇప్పటికి పరిశోధన చేసేటోళ్లు తీస్తరు. తెల్ల సర్కారు సర్ బిరుదు ఇచ్చింది. అది తీసుకునుడు మంచిదా కాదా అని నన్నడిగితె, నేనైతే తీసుకోకపోదును. ఆయిన తీసుకున్నడు. ఆయిన నమ్మిన తొవ్వల అది తప్పు కాదు.

ఆయిన ఎనుక ఎవలు మిగిలిన్రు అంటే, పార్టీ మిగలలే గని పేపరోళ్లు మిగిలిన్రు. కోటంరాజు కుటుంబం అన్నదమ్ములు, ఈశ్వరదత్తు లాంటి తెలుగోళ్లు లీడర్‌ల పని నేర్చుకున్నోళ్లే. 1938ల లక్నోల నెహ్రూ నేషనల్ హెరాల్డ్ పెడితె దానికి మొదటి ఎడిటర్ కోటంరాజు రామారావు. తర్వాత ఆ కుర్సీల ఏండ్లకేండ్లు కూసున్న చలపతిరావు గూడ తెలుగాయినే. గంగ ఒడ్డున ఇంగ్లీషు పేపర్లకు తెలుగు ఎడిటర్లు ఒక వరుసగ అచ్చిన్రంటే ఆ వరుసల మొదటి మనిషి చింతామణి. కొడుకు బాలకృష్ణరావు ఐసీఎస్ ఆఫీసర్ అయ్యి, హిందీల పేరువడ్డ కవి అయిండు. తండ్రి తెలుగు, రాత ఇంగ్లీషు, కొడుకు కైత హిందీ. ఒక ఇంట్ల రెండు తరాలల్ల ఇంత ప్రయాణం.

1941 జూలై 1న అలహాబాదుల చింతామణి కన్నుమూసిండు. అరవై ఒక్క ఏండ్లు. లీడర్ ఆయిన ఎనుక ఇరవై ఆరేండ్లు నడిచి 1967ల మూతవడ్డది.

ఇగ మనసుల పెట్టుకోమన్న ఛత్తారి నవాబు ముచ్చట. గవర్నర్ పెత్తనం సహించలేక చింతామణి వాళ్లు రాజీనామ ఇస్తె, ఖాళీ అయిన ఆ మంత్రివర్గంల కూసున్న నవాబు, ఆ కుర్సీ కాడికెల్లి ఇంకో కుర్సీకి, దాని కాడికెల్లి ఇంకో కుర్సీకి ఎక్కుకుంట పోయిండు. కొన్నాళ్లు యూపీకి గవర్నర్ పని గూడ చూసిండు. చింతామణి సచ్చిపోయిన అదే 1941ల, నిజాం పిలిస్తె హైదరాబాద్ అచ్చి మన రాజ్యానికి ప్రధాన మంత్రి అయిండు. మన కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పెద్దమనుషులు దరఖాస్తులు రాసుకున్నది ఆయిన సర్కారుకే. 1946ల పోయి, 1947ల ఇంకోసారి అచ్చిండు. ఆ అక్టోబర్‌ల ఢిల్లీతోటి ఒప్పందం చేసుకోనీకె బయలెల్లబోతుంటె రజాకార్ల గుంపు ఆయిన ఇంటిని చుట్టుముట్టింది. రాజీనామ కాయితం రాసిచ్చి ఆయిన గూడ ఎల్లిపోయిండు.